ఎనిమిదికి, తొమ్మిదికి నడుమ

ప్రతి సంవత్సరం సెప్టెంబర్ 8న మా కాలేజీ గోడకు ఒక బ్యానర్ కడతారు. అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవం. తెల్లవారి దాన్ని విప్పి ఇంకోటి కడతారు. తెలంగాణ భాషా దినోత్సవం, కవి కాళోజీ పుట్టినరోజు. మొదటిది ఎన్ఎస్ఎస్ వాళ్ల సభ, రెండోది తెలుగు శాఖ వాళ్ల సభ. మొదటి రోజు అక్షరం రానివాళ్ల గురించి మాట్లాడతారు, రెండో రోజు మన భాష గొప్పదనం గురించి. మూడేళ్లుగా రెండు సభల్లోనూ కూర్చున్నాను. మొదటి రోజు జాలిపడ్డ ఆ మనుషులే రెండో రోజు పొగిడిన భాషను ఇన్నాళ్లు బతికించారన్న మాట మాత్రం ఏ రోజూ వినలేదు. పక్కపక్కనే ఉన్న రెండు తేదీలు ఒకదాని మొఖం ఒకటి చూసుకోవు. ఆ రెంటి నడుమ మా అమ్మ ఉంది.

మాది జగిత్యాల జిల్లా కోరుట్ల. అమ్మ బీడీలు చేస్తుంది. బాపు మస్కట్‌లో ఉంటాడు. డిగ్రీలో చేరిన కొత్తలో కాలేజీలో ఒక సర్వే ఫారం ఇచ్చారు. తల్లి విద్యార్హత అన్న గడిలో నేను ‘నిరక్షరాస్యురాలు’ అని రాశాను. అమ్మ పక్కనే చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తోంది. “నా గురించి ఏం రాసినవ్ బిడ్డా?” అని అడిగింది. చదివి వినిపించాను. ఆ మాటను ఒకసారి పలకబోయి ఆగింది. ఏడక్షరాల మాట అది, ఆమె నోట తిరగలేదు. “గంత పెద్ద మాటనా నాకు?” అంది. తన గురించి సర్కారు వాడే మాటను తనే పలకలేని స్థితిలో నా దేశంలో ఎందరు తల్లులున్నారో ఆ పూట మొదటిసారి ఆలోచించాను.

అమ్మకు ఏం వచ్చో ఆ ఫారంలో రాయడానికి గడి లేదు. ఇరవై ఐదు బీడీలకు ఒక కట్ట, నలభై కట్టలకు వెయ్యి. వెయ్యికి ఇంత అని కూలి. ఎన్ని ఆకులు తడపాలి, ఎంత తంబాకు పోతుంది, తీసేసిన బీడీలు పోను నెలకు చేతికి ఎంత వస్తుంది, మహిళా సంఘంలో అప్పు కిస్తీ ఎంత, ఇవన్నీ ఆమె నోటి లెక్క. బతుకమ్మ పాటలు రాత్రి పొడుగూతా పాడగలదు, ఒక చరణం కింద ఒకటి, తప్పు పోకుండా. సంఘం పుస్తకంలో సంతకం పెట్టడం మాత్రం నేర్పించారు. తన పేరును బొమ్మ గీసినట్టు గీస్తుంది.

ఆ పేరు దగ్గరే అసలు చిక్కు. మా దిక్కు ఆడవాళ్ల పేర్లు రాజవ్వ, గంగవ్వ, లచ్చవ్వ, పోశవ్వ. అమ్మ పేరు చివర కూడా అవ్వ ఉంది. బీడీ కార్డు రాసినాయన ఆ అవ్వను తీసేసి ‘అమ్మ’ చేశాడు. ఆధార్ తీసిన పిల్లగాడు ‘లచ్చ’ అనేది మోటుగా ఉందని ‘లక్ష్మి’ చేశాడు. రేషన్ కార్డులో ఇంకో తీరు. ముగ్గురిలో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. ముగ్గురూ ఆమె పేరును ‘మంచిగ’ చేయాలనుకున్నారు. ఫలితం, ఒకే మనిషి మూడు కాగితాల మీద ముగ్గురు మనుషులైంది. పీఎఫ్ సొమ్ము కోసం ఒక కార్యాలయం చుట్టూ నెలల తరబడి తిరిగింది. అక్కడ ఆమెను ప్రతిసారీ అడిగిన ప్రశ్న ఒకటే, నువ్వు నువ్వేనని రుజువేంది? గుర్తింపు అనే మాట మీద మా రాజనీతిశాస్త్రం పుస్తకంలో పెద్ద అధ్యాయమే ఉంది. నాకు ఆ పాఠం ఆ కౌంటర్ దగ్గర అర్థమైంది.

జనాభా లెక్కల నిర్వచనం చిన్నది. ఏడేళ్లు నిండిన మనిషి ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవాలి, రాయాలి. చదవడం మాత్రమే వస్తే లెక్కలోకి రారు. ఆ కొలతతో 2011లో తెలంగాణ అక్షరాస్యత 66.54 శాతం. ఆడవాళ్లలో 57.99. ఇప్పటి జగిత్యాల జిల్లా హద్దుల్లో అది మొత్తం మీద 60 శాతం దగ్గరే ఆగింది. రాజన్న సిరిసిల్లలో అంతకు రెండు, మూడు శాతం ఎక్కువ. రెండూ రాష్ట్ర సగటుకు కిందే. ఈ అంకెలు చూపించి మా ప్రాంతాన్ని లోకం తెలియని ప్రాంతమని చెప్తే నేను ఒప్పుకోను. ఇక్కడి మనుషులు చూసినంత లోకం చాలామంది చదువుకున్నవాళ్లు చూడలేదు. మా గల్లీలో దుబాయి, మస్కట్, దోహా, దమ్మామ్ పేర్లు పక్క ఊరి పేర్లంత మామూలుగా వినిపిస్తాయి. సిరిసిల్ల వాళ్లకు భీవండి, షోలాపూర్, సూరత్ ఇంటి పెరడు లాంటివి.

బాపు ఏడో తరగతి దాకా చదివాడు. తెలుగు పేపర్ చదువుతాడు, ఉత్తరం రాస్తాడు. కనుక జనాభా లెక్కల్లో అక్షరాస్యుడే. పదో తరగతి పాస్ కాలేదు కనుక ఆయన పాస్‌పోర్టు మీద ఈసీఆర్ అని ఉంటుంది. 18 దేశాలకు కొలువు కోసం పోవాలంటే ఎమిగ్రేషన్ అధికారుల అనుమతి కావాలని దాని అర్థం. 1983 వలస చట్టం ఈ నియమాన్ని రక్షణ కోసమే పెట్టింది, దాన్ని తప్పు పట్టను. కానీ ఆ అనుమతి తిప్పలు తప్పించుకోవడానికి విజిట్ వీసా మీద పోయి, అక్కడ ఏ కాగితమూ లేక ఖల్లివెల్లి అయిపోయినవాళ్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. బాపు సక్రమంగానే పోయాడు. ఒప్పంద పత్రం అరబ్బీలో, ఇంగ్లిష్‌లో ఉంది. ఎక్కడ సంతకం పెట్టాలో ఏజెంట్ వేలు పెట్టి చూపించాడు. ఆ రెండు భాషల్లో ఒక్కటీ ఆయన చదవలేడు. ఇప్పుడు హిందీ ధారాళంగా మాట్లాడతాడు, పనికి కావలసినంత అరబ్బీ వచ్చు, తోటి గదివాళ్ల దగ్గర మలయాళం కూడా నేర్చాడు. నాలుగు భాషల్లో బతికే మనిషి, తన జీతం ఎంతో రాసి ఉన్న కాగితం ముందు మాత్రం అమ్మలాగే చదువురాని మనిషి.

నాకు అనిపించేది ఇది. అక్షరాస్యత మనిషిలో ఉండే గుణం కాదు. మనిషికి, అతని బతుకును నడిపే కాగితానికి నడుమ ఉన్న దూరం అది. ఆ కాగితం భాష మారిన ప్రతిసారీ, నిన్నటిదాకా చదువుకున్నవాడు కూడా తెల్లవారేసరికి చదువురానివాడవుతాడు. మా ప్రాంతం చరిత్రంతా ఈ మార్పుల చరిత్రే.

కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే తోవలో గంగాధర వస్తుంది. అక్కడికి దగ్గర్లోని కురిక్యాల బొమ్మలగుట్ట మీద ఒక శాసనం ఉంది. పదో శతాబ్దం నడుమ, క్రీ.శ. 945 ప్రాంతంలో జినవల్లభుడు వేయించింది. అతను కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు. పంపడు వేములవాడ చాళుక్యరాజు రెండో అరికేసరి కొలువులో ఉండి కావ్యం రాశాడు. ఆ వేములవాడ ఇప్పుడు రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉంది. ఆ ఒక్క బండ మీద సంస్కృతం ఉంది, కన్నడం ఉంది, తెలుగు ఉంది. అందులోని మూడు కంద పద్యాలు తెలుగులో మనకు దొరికిన తొలి కందాలు. 2008 అక్టోబర్ 31న తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు మళ్లీ మళ్లీ చూపించిన ఆధారాల్లో ఇదొకటి. నేను ఆ గుట్ట ఎక్కినప్పుడు నన్ను ఆపింది హోదా సంగతి కాదు. వెయ్యేళ్ల కింద మా నేల మీద ఒక మనిషి చెప్పదలచుకున్న మాటను మూడు భాషల్లో చెక్కించాడు. వచ్చేవాళ్లందరికీ అందాలని. ఒక భాష ఉండాలంటే ఇంకోటి పోవాలన్న ఆలోచన ఆ బండ మీద లేదు.

నిజాం పాలనలో ఆ ఆలోచన వచ్చింది. రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం. కచేరీ భాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం దేశభాషలో ఉన్నత చదువు చెప్పి దేశానికే తోవ చూపించింది. ఇంగ్లిష్ లేకుండా వైద్యం, ఇంజినీరింగ్ చెప్పవచ్చని నిరూపించింది. అది చిన్న ఘనత కాదు. కానీ ఆ దేశభాష మా ఊరి రైతు భాష కాదు. 1921 నవంబర్‌లో హైదరాబాద్ వివేకవర్ధిని థియేటర్‌లో జరిగిన సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకట రామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో గోలచేసి మాట్లాడనివ్వలేదు. ఆ రాత్రి కలిగిన బాధలోంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది. అది పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. ఆ మహాసభ నాలుగో సమావేశం 1935లో జరిగింది సిరిసిల్లలోనే, మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన. సిరిసిల్ల అంటే మగ్గాలు, ఆకలి చావులు అని మాత్రమే ఎరిగిన నా తోటివాళ్లకు ఈ సంగతి చెప్తే నమ్మలేదు.

మాడపాటి 1928లో హైదరాబాద్ నారాయణగూడలో ఆడపిల్లలకు తెలుగు మాధ్యమంలో బడి పెట్టారు. రాజ్యం తెలుగు చదువును గుర్తించలేదు. అందుకని ఆ పిల్లలు కర్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలు రాయాల్సి వచ్చింది. సొంత భాషలో చదువుకున్న పాపానికి పొరుగు రాష్ట్రంలో సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆ ఆడపిల్లలను లెక్కల్లో ఏమని రాసుకున్నారోనని ఇప్పటికీ ఆలోచిస్తాను.

అప్పటి భూమి కాగితాలు ఇంకా మమ్మల్ని వదలలేదు. పహాణీ, సేత్వారు, విరాసత్, సాదాబైనామా. మా జిల్లాలో భూమి ఉన్న ప్రతి ఇంట్లో ఈ మాటలు తెలుసు. వాటి లోపల ఏముందో తెలియదు. పాత సేత్వారు ఉర్దూలో ఉంటుంది, చదివిపెట్టే పెద్దమనిషిని వెతుక్కోవాలి. తెల్లకాగితం మీద రాసుకున్న సాదాబైనామాలు చెల్లుతాయా లేదా అని మూడు తరాలుగా తిరుగుతున్న కుటుంబాలున్నాయి. ఉర్దూ మీద నాకు కోపం లేదు. దవాఖాన, అర్జీ, తకరారు, జల్ది, ఇవన్నీ మా అమ్మ భాషలో కలిసిపోయిన మాటలు. కోరుట్లలో మా పక్కింటి వాళ్లు ఇంట్లో మాట్లాడేదే ఉర్దూ. వాళ్ల బిడ్డ, నేను ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నాం. కోపమంతా ఒక భాషను కాగితంలో పెట్టి, చదవలేనివాణ్ని బయట నిలబెట్టే పద్ధతి మీదే.

ఆ పద్ధతిని దాటి వచ్చినవాళ్లలో మాకు అందరికంటే దగ్గరివాడు సి.నారాయణరెడ్డి. 1931లో వేములవాడ దగ్గర హనుమాజీపేటలో పుట్టారు. సిరిసిల్లలో చదివారు. బీఏ దాకా ఆయన చదువు ఉర్దూలోనే సాగింది. తెలుగు ఆయనకు బడి ఇచ్చింది కొంత, ఊరు ఇచ్చింది ఎంతో. హరికథలు, జానపదాలు, ఊళ్లో ఆడిన ఆటలు. తర్వాత తెలుగులో ఎంఏ, పీహెచ్‌డీ చేసి ‘విశ్వంభర’ రాసి 1988 సంవత్సరానికి జ్ఞానపీఠం అందుకున్నారు. ఇది అందరికీ తెలిసిన కథే. దానికి పక్కన పెట్టవలసిన కథ ఇంకోటి ఉంది. ఒగ్గుకథను దేశం దృష్టికి తెచ్చిన మిద్దె రాములుది కూడా అదే హనుమాజీపేట. చేతిలో కాగితం లేకుండా, డోలు దెబ్బ మీద, గంటల తరబడి మల్లన్న కథనో ఎల్లమ్మ కథనో నడిపించే విద్య ఒగ్గుకథ. ఒక ఊరు. ఒకరు కాగితం మీది కవి, ఒకరు గొంతులోని కవి. మా చదువు మొదటివారికి పాఠంలో చోటిచ్చింది. రెండోవారి విద్యను ఇప్పటికీ ‘కళారూపాలు’ అన్న రెండు మార్కుల ప్రశ్నలో పెడుతుంది.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత కాగితం తెలుగులోకి వచ్చింది. ఇక దూరం తీరిపోవాలి. తీరలేదు, ఎందుకంటే వచ్చిన తెలుగు మా తెలుగు కాదు. గిడుగు రామమూర్తి గ్రాంథికంతో పోరాడి గెలిపించిన వ్యావహారికం ఆయన ఉద్దేశంలో జనం భాష. పత్రికల్లో, పుస్తకాల్లో స్థిరపడింది మాత్రం కృష్ణా, గుంటూరు, గోదావరి చదువరుల భాష. కాళోజీ జీవితాంతం ఎత్తి చూపింది ఈ సంగతినే. ఒకటో తరగతిలో నేను బర్రె బొమ్మ కింద గేదె అని రాసి ఉంటే, ఇది వేరే జంతువనుకున్నాను. ఇంట్లో పుంటికూర, పుస్తకంలో గోంగూర. ఇంట్లో అంగి, పుస్తకంలో చొక్కా. ఇంట్లో ఎల్లిగడ్డ, ఆలుగడ్డ, పుస్తకంలో వెల్లుల్లి, బంగాళాదుంప. ఇవి చిన్న విషయాలని పెద్దవాళ్లు అంటారు. ఆరేళ్ల పిల్లకు చిన్న విషయాలు కావు. అక్షరం నేర్చుకోవడమంటే తెలిసిన మాట తెలియని గుర్తులోకి మారడం చూడటం. మాటే తెలియనిదైతే ఆ పిల్ల ఒకేసారి రెండు గుట్టలు ఎక్కాలి. మొదటి పాఠంతోపాటు ఇంకో పాఠం కూడా లోపలికి దిగుతుంది. మా అమ్మ తప్పు మాట్లాడుతుంది అని.

ఆ పాఠం ఎంత లోతుగా దిగిందో మా ఇంట్లోనే చూడవచ్చు. అమ్మ తన తల్లిని అవ్వ అంటుంది. నేను అమ్మ అంటాను. తమ్ముడు మమ్మీ అంటాడు. రెండు తరాల్లో తల్లిని పిలిచే పిలుపు రెండుసార్లు మారింది. మారిన ప్రతిసారీ వెనక ఒక బడి ఉంది.

ఇంత చెప్పి, ఈ వ్యాసాన్ని నేను ఇంట్లో మాట్లాడే భాషలో రాయలేదు. దానికి నా దగ్గర దాచుకునే జవాబు లేదు. పన్నెండేళ్లు బడి నాకు ఏది రాయదగిన భాషని నేర్పిందో ఆ చేతితోనే రాస్తున్నాను. అమ్మకు చదివి వినిపిస్తే చాలావరకు అర్థమైంది. “మనోళ్లు మాట్లాడినట్టు లేదు గని, మన ముచ్చటే” అంది.

2014లో తెలంగాణ ఏర్పడిన తర్వాత మార్పు రాలేదని అనను. మా పదో తరగతి తెలుగు వాచకం పేరు ‘సింగిడి’. ఇంద్రధనుస్సుకు మా ఇంటి మాట అది. అట్ట మీద ఆ మాట చూసిన రోజు నాకు గుర్తుంది. మల్యాల మండలం లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ ఛానల్‌లో గంగవ్వ మాట్లాడితే లక్షల మంది విన్నారు. 2020లో ఆమె బిగ్‌బాస్ ఇంట్లో అడుగు పెట్టినప్పుడు, పేరులోని ‘అవ్వ’ను ఎవరూ దిద్దలేదు. సిరిసిల్ల బిడ్డ వేణు ఎల్దండి 2023లో తీసిన ‘బలగం’ సినిమాను ఊళ్లల్లో తెరలు కట్టి, చాపలు పరిచి చూశారు. పక్కన కూర్చున్న ముసలోళ్లు తమ మాట తామే విని ఏడవడం నేను చూశాను. ఒకప్పుడు సినిమాలో మా యాస విలన్‌కో, నవ్వించే పాత్రకో ఉండేది. తెర మీద మా భాష గెలిచింది. కౌంటర్ దగ్గర ఇంకా గెలవలేదు. గంగవ్వ పేరు దేశానికి తెలిసినా, మా అమ్మ పేరులోని అవ్వ బీడీ కార్డులో నిలవలేదు.

తెలుగు ఇంకా ఇంటికి చేరకముందే కాగితం మళ్లీ భాష మార్చుకుంటోంది. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మాధ్యమం వచ్చింది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు ఇచ్చారు. ఎదురెదురు పేజీల ఆలోచన నాకు నచ్చింది. కురిక్యాల బండ యాదికొచ్చింది. కానీ పిల్ల ఏ పేజీ చదువుతుందో పుస్తకం నిర్ణయించదు, పరీక్ష నిర్ణయిస్తుంది.

నేను ఇంటర్ దాకా తెలుగు మాధ్యమం. డిగ్రీలో ఇంగ్లిష్. మొదటి ఆరు నెలలు క్లాసులో నోరు విప్పలేదు. తెలిసిన జవాబులు కూడా చెప్పలేదు. ఆ ఆరు నెలలు నేనూ ఒక ఏడక్షరాల మనిషినే. అందుకే ఇంగ్లిష్ వద్దని నేను చెప్పను, చెప్పే హక్కు కూడా నాకు లేదు. ఒప్పంద పత్రం చదవలేక బాపు పడ్డ బాధ తమ్ముడు పడవద్దు. బీడీ కార్డు ఉంటే పిల్లకు సంబంధం తొందరగా కుదురుతుందని చూసే ఊళ్లల్లో, ఇంగ్లిష్ చదువు ఆ చాట నుంచి లేపే తోవ అని తల్లులు నమ్ముతున్నారు. వాళ్ల నమ్మకాన్ని భాషాభిమానంతో కొట్టిపారేయడం అన్యాయం. కడుపు నిండిన భాషాభిమానానికి వాళ్లెందుకు మూల్యం చెల్లించాలి?

నా ప్రశ్న తోవ గురించి. నైజీరియాలోని ఇఫేలో 1970లో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. కొందరు పిల్లలకు ఆరేళ్లూ ఇంటి భాష యొరుబాలో చదువు చెప్పి, ఇంగ్లిష్‌ను ఒక సబ్జెక్టుగా, బాగా నేర్పగల టీచర్లతో చెప్పించారు. మిగతావాళ్లకు మామూలు పద్ధతిలో మూడేళ్ల తర్వాత ఇంగ్లిష్ మాధ్యమం. యొరుబాలో చదివిన పిల్లలు మిగతా సబ్జెక్టుల్లోనే కాదు, ఇంగ్లిష్‌లోనూ వెనకబడలేదు, ముందున్నారు. ఇంటి భాషలో గట్టిపడ్డ కాలే దూరం నడుస్తుంది. మన దగ్గర జరుగుతున్నది దీనికి ఎదురు. 2009లో కడప జిల్లా మైదుకూరులో తెలుగు మాట్లాడారని పిల్లల మెడల్లో పలకలు కట్టిన సంగతి అప్పుడు పేపర్లన్నీ రాశాయి. మా దిక్కు పలకలు కట్టరు. ఆ పలక కంటికి కనిపించకుండా ఉంటుంది.

సిరిసిల్లలో మా మేనత్త ఇల్లు ఉంది. మామ సాంచల మీద పని చేస్తాడు. మరమగ్గాన్ని అక్కడెవరూ మరమగ్గమనరు, సాంచ అంటారు. సాంచలు నడిపించేవాడు ఆసామి. కండెలు చుట్టుడు, బీములు నింపుడు లాంటి పనులు వైపని. పడుగు, పేక, కండె, బీము, ఒక్కో దశకు ఒక్కో మాట. ఆ మాటలన్నీ కలిపితే ఒక పుస్తకం అవుతుంది, ఆ పుస్తకం నాకు ఎక్కడా కనబడలేదు. రాత్రి షిఫ్టులో సాంచల చప్పుడు నడుమ మామ ఒక పోగు తెగిన సంగతి చెవితో గుర్తుపడతాడు. ఇది చదవడం కాదా అని నేను మా సార్‌ను అడిగాను. ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. వారం తర్వాత పిలిచి, ఆ మాటలన్నీ రాసి తీసుకురమ్మన్నారు. నాలుగు నెలలుగా రాస్తున్నాను.

మామ తమ్ముడి కుటుంబం భీవండిలో స్థిరపడింది. పిల్లలు మరాఠీ బడిలో చదివారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, అచ్చం సిరిసిల్ల తెలుగు, నలభై ఏళ్ల కింద ఇక్కడ మాట్లాడినట్టు. చదవడం రాదు. పండుగకు వచ్చినప్పుడు బస్సు మీది ఊరి పేరు నేను చదివి చెప్పాలి. వాళ్లు మహారాష్ట్రలో అక్షరాస్యులు, సొంత బస్టాండులో కారు.

ఇంటి మాటతో అక్షరం నేర్పితే ఏమవుతుందో 1991-92లో నెల్లూరు జిల్లా దూబగుంట చూపించింది. సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా రాత్రి బడిలో కూర్చున్న ఆడవాళ్లు సారా వల్ల కూలిపోయిన ఒక ఇల్లాలి కథ చదివారు. ఆ పాఠం వాళ్ల ఇంటి ముచ్చట. చదివినవాళ్లు చదివి ఊరుకోలేదు, సారా దుకాణం మూయించారు. ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబర్ 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా బందైంది. ముప్పై ఏళ్ల ముందు, 1963లో బ్రెజిల్‌లోని అంజికోస్‌లో విద్యావేత్త పౌలో ఫ్రేరే కూలీలకు వాళ్ల పనిముట్లు, వాళ్ల ఇల్లు, వాళ్ల బాధల పేర్లతోనే అక్షరాలు నేర్పించాడు. కొద్ది వారాల్లో దాదాపు మూడు వందల మంది చదవడం నేర్చుకున్నారు. ఆ దేశంలో చదువురానివాళ్లకు 1985 దాకా ఓటు లేదు. ఆయన వాళ్లకు నేర్పింది అక్షరం ఒక్కటే కాదని సైన్యానికి తెలిసింది. మరుసటి ఏడు అధికారంలోకి రాగానే ఫ్రేరేను జైల్లో పెట్టింది. మన దేశం 1951-52 మొదటి ఎన్నికల్లోనే, అక్షరాస్యత 18 శాతం ఉన్నప్పుడే, గుర్తులు పెట్టి అందరికీ ఓటిచ్చింది. చదువురాని మనిషి నిర్ణయం చదువుకున్న మనిషి నిర్ణయంతో సమానమని ఈ దేశం ఒకసారి నమ్మింది. అదే నమ్మకం దరఖాస్తు ఫారం మీద ఎందుకు చూపించదు?

నేను అడిగేవి పెద్దవి కావు. గల్ఫ్ కొలువుకు పోయే మనిషి చేతికి విమానం ఎక్కకముందే ఒప్పందం తెలుగు ప్రతి ఇవ్వాలి, చదవలేనివాళ్లకు చదివి వినిపించి రికార్డు చేయాలి. బీడీ కార్డు, ఆధార్, రేషన్ కార్డులో పేరును మనిషి చెప్పినట్టే రాయాలి. గుమాస్తాకు నచ్చినట్టు కాదు. పేర్లు కలవనప్పుడు దిద్దుకునే భారం ఆ పేదమనిషి మీద కాకుండా, తప్పు రాసిన శాఖ మీద ఉండాలి. ఒకటి, రెండు తరగతుల్లో గేదె పక్కన బర్రె, గోంగూర పక్కన పుంటికూర ఉండాలి. మాధ్యమం ఏదైనా టీచర్ మొదట ఇంటి మాటతో మొదలుపెట్టాలి. వయోజనులకు వాచకాలు హైదరాబాద్‌లో అందరికీ ఒక్కటే అచ్చువేయవద్దు. కోరుట్లకు తునికాకు మాటలతో, సిరిసిల్లకు సాంచ మాటలతో, జగిత్యాల పల్లెలకు ఎవుసం మాటలతో వేరువేరుగా రాయించాలి. రాసేందుకు మనుషులు లేరంటే, మూడు పట్టణాల డిగ్రీ కాలేజీల్లో మేమున్నాం.

ఈ సెప్టెంబర్‌లో ఎనిమిదో తారీఖున, తొమ్మిదో తారీఖున రెండు బ్యానర్లు కట్టవద్దని మా ప్రిన్సిపల్‌కు దరఖాస్తు ఇచ్చాం. రెండు రోజులూ ఒకే సభ పెట్టాలని, వేదిక మీద వక్తలుగా బీడీలు చేసే తల్లులను, సాంచల మీద పని చేసే మామలను కూర్చోబెట్టాలని, వాళ్ల మాటలు మేం కింద కూర్చుని రాసుకోవాలని అడిగాం. జగిత్యాల, సిరిసిల్ల కాలేజీల మిత్రులారా, మీరు కూడా ఇదే అడగండి. మా అమ్మ వస్తానంది. ఆమె పేరు ఆహ్వాన పత్రం మీద ఆమె చెప్పినట్టే, అవ్వతో సహా రాశాం. బీడీ కార్డులో మాత్రం ఇంకా తప్పుగానే ఉంది.